మేస్త్రి ఫోన్ ఎత్తడం లేదు

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మా ఊరివాళ్లం పదకొండుగురం చెన్నైలో బిల్డింగ్ పనికి వెళ్లాం. మేస్త్రి రెండు నెలల కూలి ఎగ్గొట్టాడు. సంఘం పెడితే డబ్బులొస్తాయా?

జవాబు: సంఘం మంచిదే తమ్ముడూ, కానీ ముందు కూలి సంగతి చూడండి. మేస్త్రి పారిపోయినా దారి మూసుకుపోదు, కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమానే కూలి చెల్లించాలని చట్టం చెబుతోంది, ఈ మాట మనవాళ్లలో చాలామందికి తెలీదు. ఫిర్యాదు మాత్రం పని జరిగిన చోట, అంటే చెన్నైలోని కార్మిక శాఖ ఆఫీసులో ఇవ్వాలి, శ్రీకాకుళం చుట్టూ తిరిగి బస్సు చార్జీలు తగలేయకండి. ఎవరెవరు ఏ రోజు పనిచేశారు, ఎంత అడ్వాన్సు తీసుకున్నారు అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి అందరూ సంతకాలు పెట్టండి. సైట్ ఫొటోలు, ఫోన్‌పే మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు. పదకొండుగురూ ఒకే కాగితం మీద ఫిర్యాదు ఇస్తే మీ సంఘం అప్పుడే మొదలైనట్టు. దాన్ని ట్రేడ్ యూనియన్‌గా రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు కావాలి, ఇంకొన్ని షరతులూ ఉన్నాయి, అవి తర్వాత చూసుకోవచ్చు. అన్నట్టు, మీ రేషన్ కార్డు మీద బియ్యం చెన్నైలోనూ తీసుకోవచ్చు, ఆధార్ లింకై ఉందో లేదో చూసుకోండి.