ఘాట్ రోడ్డుకు కిలోమీటర్ల లెక్క చాలదు

పాఠకుల ప్రశ్నలు: సైకిల్ యాత్రలు

వానలు వెనకబట్టగానే ఈ శీర్షికకు ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి ఎక్కువమంది అడిగింది అరకు, పాడేరు, మారేడుమిల్లి దారుల గురించే. నాది చోడవరం. నాన్నగారు సైకిల్ రిపేరు షాపు నడిపేవారు. ఈ కొండల్లో ఇరవై రెండేళ్లుగా తొక్కుతున్నాను కాబట్టి, కింద చెప్పిన దారులన్నీ నేను స్వయంగా తొక్కినవే.

ప్రశ్న: సార్, మేం ముగ్గురం హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. ఆదివారాలు 100 కి.మీ. తేలిగ్గా తొక్కేస్తాం. విశాఖ నుంచి అరకు, పాడేరు, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగాలని ప్లాన్. మ్యాప్‌లో సుమారు 260 కి.మీ. చూపిస్తోంది. మూడు రోజులు చాలవా?

చాలవు. ఐదు రోజులు పెట్టుకోండి. మీ కాళ్లలో బలం లేదని కాదు, మీరు వేసిన లెక్క చదును నేలది. కొండ దారిలో ముందు చూడాల్సింది ఎంత దూరం అని కాదు, ఎంత ఎత్తు ఎక్కాలి అని.

మొదటి మజిలీయే చూడండి. విశాఖ నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) 50 కి.మీ., ఎస్.కోట నుంచి అరకు ఇంకో 65. ఎస్.కోట సముద్రమట్టానికి వంద మీటర్ల లోపే ఉంటుంది. అరకు 900 మీటర్ల పైన. పోనీ, నేరుగా ఎక్కి అక్కడ ఆగిపోతామా అంటే అదీ కాదు. అనంతగిరి, గాలికొండ దగ్గర దారి అరకు కంటే పైకి వెళ్లి మళ్లీ దిగుతుంది. పక్కన పోయే కిరండూల్ రైలు లైనులో శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. దాన్నిబట్టే అంచనా వేసుకోవచ్చు. బ్యాగులు కట్టుకున్న మామూలు మనిషి గంటకు 350 నుంచి 400 మీటర్ల ఎత్తు ఎక్కగలడు. అంటే ఘాట్‌కే మూడు గంటల పైన పెడలింగ్, దానికి తోడు ఆగిన సమయం. పొద్దున్నే విశాఖలో బయలుదేరితే సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ ఎక్కుడు తగులుతుంది. అందుకే మొదటి రోజు ఎస్.కోటలోనే పడుకోండి. మర్నాడు తెల్లవారుతూనే టైడా అడవిలోకి వెళ్తే చల్లగా ఎక్కేయొచ్చు.

మూడో రోజు అరకు నుంచి హుకుంపేట మీదుగా పాడేరు. 45 కి.మీ. మాత్రమే కదా అని తొందరపడకండి. నాకు ఈ యాత్ర మొత్తంలో ఇష్టమైన రోజు ఇదే. అక్టోబర్ ఆఖరు, నవంబర్‌లలో వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా వలిసె పూలు పసుప్పచ్చగా పరుచుకుని ఉంటాయి. దారిలో సంత తగిలితే దిగండి. రాజ్మా, పిప్పళ్లు, పసుపు, అడ్డాకులు మోసుకుని కొండల మీంచి నడిచి వచ్చినవాళ్లు కనిపిస్తారు. వాళ్లను అడక్కుండా ఫోటోలు తీయకండి. అది వాళ్ల బజారు రోజు, మన వినోదం కోసం పెట్టింది కాదు. గ్లాసుడు చోడి (రాగి) అంబలి దొరికితే తాగండి. ఎక్కుడులో నాకు ఏ ఎనర్జీ జెల్ కూడా దానంత నిలవలేదు.

ఈ దారిలో ఇంకో సంగతి గమనించండి. బొర్రా గుహల దగ్గర పుట్టిన గోస్తని తూర్పుకి దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన శారద అనకాపల్లి మీదుగా అదే సముద్రానికి పోతుంది. కానీ మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ సముద్రానికి వీపు తిప్పుతుంది. ఉత్తరంగా ఒడిశా సరిహద్దుకు వెళ్లి, మళ్లీ దక్షిణానికి తిరిగి, సీలేరు అని పేరు మార్చుకుని, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలోకి చేరుతుంది. ఒకే కొండ వరసలో కురిసిన రెండు చినుకుల్లో ఒకటి భీమిలికి, ఒకటి రాజమండ్రికి. ఈ సంగతి తెలిశాక నేను గెడ్డ (వాగు) దాటినప్పుడల్లా నీళ్లు ఎటు పారుతున్నాయో చూడటం అలవాటు చేసుకున్నాను. నీళ్లకు ఎదురు వెళ్తుంటే ఎక్కుడు ఇంకా మిగిలి ఉన్నట్టే. ఫోన్ సిగ్నల్ పోయిన చోట కూడా ఈ గుర్తు పనిచేస్తుంది.

నాలుగో రోజు జి.మాడుగుల మీదుగా చింతపల్లి. ఐదో రోజు లంబసింగి, అక్కణ్ణుంచి దిగుడే, నర్సీపట్నం దాకా. లంబసింగిలో డిసెంబర్, జనవరి శని ఆదివారాల్లో మాత్రం ఉండకండి. పొగమంచు చూడ్డానికి వచ్చే కార్లతో తెల్లవారుజామున రోడ్డు నిండిపోతుంది. ఆ మంచులో డ్రైవరుకు మన సైకిల్ కనబడదు. వారం మధ్యలో వెళ్లండి, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించే ఉంచండి.

ఆ దిగుడులో ఒకసారి ఆగి, మీరు ఏ రోడ్డు మీద ఉన్నారో తలుచుకోండి. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు. అల్లూరి సీతారామరాజు పోరాటం రాజుకోవడానికి ఆ దౌర్జన్యం ఒక కారణం. 1922 ఆగస్టు 22న ఆయన దళం మొదట దాడి చేసింది మీరు రాత్రి బస చేసిన చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆరో రోజు ఉంటే తప్పకుండా వెళ్లి రండి.

గేర్ల విషయం ఒక్క ముక్క: ముందు పెడళ్ల దగ్గర ఉండే పళ్ల చక్రాల్లో చిన్నదాని పళ్లు, వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల్లో పెద్దదాని పళ్ల కంటే ఎక్కువ ఉండకూడదు. ముందు 34, వెనక 34 అయినా సరే. రేసు సైకిళ్ల గేర్లతో బ్యాగులు కట్టుకుని వస్తే మోకాళ్లు పాడవుతాయి. టైరు 35 మి.మీ.కి తగ్గొద్దు. 516ఈ జాతీయ రహదారి పనులు జరిగిన చోట రోడ్డు నున్నగా ఉంటుంది, జరగని చోట కంకరే.

ప్రశ్న: అన్నయ్య గారూ, నా వయసు 52. అనకాపల్లిలో టీచర్‌ని. గేర్లు లేని లేడీస్ సైకిల్ ఉంది. మీరు రాసేవన్నీ కుర్రాళ్లకేనా? నాకూ కొండలు చూడాలని ఉంది.

అమ్మా, కొండలు చూడాలంటే ఎక్కి తీరాలని లేదు. మీ సైకిల్‌కు సరిపోయే దారి మీ ఊళ్లోనే మొదలవుతుంది. అనకాపల్లి నుంచి చోడవరం 20 కి.మీ., అక్కణ్ణుంచి మాడుగుల ఇంకో 20. దారంతా దాదాపు చదును, రెండు పక్కలా చెరకు, ఎదురుగా గోడలా తూర్పు కనుమలు. మాడుగులలో హల్వా తిని రాత్రికి చోడవరం వచ్చేయండి, మర్నాడు ఇంటికి. ఇది అలవాటయ్యాక శారద మీద రైవాడ రిజర్వాయరు, ఆ తర్వాత గోస్తని మీద తాటిపూడి. రెండూ కొండల పాదాల దగ్గరే.

సీటు ఎత్తు ఒకసారి సరిచేయించండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. మనవాళ్లు చాలామంది సీటు బాగా కిందికి దించుకుని తొక్కుతారు, సగం అలసట అక్కడే. చెరకు రోజుల్లో లోడు ట్రాక్టర్ల వెనక దగ్గరగా వెళ్లకండి, గడలు జారి పడతాయి. మీరు వెళ్లొచ్చి నాకు రాయాలి. ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: అన్నా, నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నాను. గోదావరి ఒడ్డునే పాపికొండల మధ్య నుంచి భద్రాచలం దాకా సైకిల్ మీద వెళ్లొచ్చా?

ఒడ్డునే వెళ్లడానికి కుదరదు తమ్ముడూ. పాపికొండల మధ్య గోదావరికే చోటు చాలదు, ఆ ఇరుకులోంచి భద్రాచలం దాకా రోడ్డు లేదు. అక్కడ దారి అంటే లాంచీయే. సైకిల్ దారి గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు మీదుగా కొండల వెనక నుంచి తిరిగి వెళ్తుంది. మొదటి రోజు మారేడుమిల్లి దాకా 85 కి.మీ., రెండో రోజు ఘాట్ దాటి చింతూరు 45. ఆ మధ్యలో అడవే తప్ప కొట్లు లేవనే అనుకుని నీళ్లు, తిండి, రెండు ట్యూబులు పెట్టుకో. చీకటి పడేలోపు చింతూరు చేరిపోవాలి. మూడో రోజు భద్రాచలం.

జులై నుంచి సెప్టెంబర్ దాకా ఈ ఆలోచనే వద్దు. గోదావరి పొంగితే శబరి వెనక్కి తన్నుతుంది, చింతూరు, కూనవరం వైపు రోడ్లు మునిగిపోతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. సంక్రాంతి సెలవుల్లో వెళ్లు. దోమతెర మరచిపోవద్దు, ఏజెన్సీలో మలేరియా ఉంది. తిరిగొచ్చాక జ్వరం వస్తే ఫలానా చోట పడుకున్నానని డాక్టరుకు చెప్పాలి.

ప్రశ్న: పాడేరు నుంచి మాడుగుల వైపు ఘాట్ దిగుతుంటే వేళ్లు లాగేస్తున్నాయి, బ్రేకులు కాలిన వాసన వస్తోంది. మార్గం ఉందా?

బ్రేకు అదే పనిగా పట్టి ఉంచడం వల్ల వచ్చే సమస్య ఇది. రిమ్ము వేడెక్కితే రబ్బరు పట్టు తగ్గుతుంది, లోపల ట్యూబు కూడా పేలొచ్చు. వంపుకు ముందే గట్టిగా పట్టి వేగం బాగా తగ్గించండి, వంపులో వదిలేయండి. ముందు బ్రేకు, వెనక బ్రేకు మార్చి మార్చి వాడండి. రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆగి రిమ్ములను చల్లారనివ్వండి.

2011 డిసెంబర్‌లో ఇదే ఘాట్‌లో నా సైకిల్ ఆగలేదు. వారం ముందు ఒక షాపులో కొత్త బ్రేకు రబ్బర్లు వేయించాను. ఒకటి రిమ్ముకు సగమే తగులుతోంది, నేను చూసుకోలేదు. మంచుకు రోడ్డు తడిగా ఉంది, వంపు తిరిగేసరికి ఎదురుగా కలప లారీ. కొండ వైపు మట్టిలోకి పోనిచ్చి పడ్డాను. మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి. లోయ పక్కన ఉండి ఉంటే ఇవాళ ఈ జవాబు రాసేవాణ్ని కాదు. అప్పటినుంచి ఘాట్ పైన దిగుడు మొదలయ్యే చోట ఆగుతాను. రెండు చక్రాలూ ఒక్కొక్కటే పైకెత్తి తిప్పి, బ్రేకు పట్టి, రబ్బరు రిమ్ముకు పూర్తిగా ఆనుతోందా అని వేలితో తడిమి చూస్తాను. రెండు నిమిషాల పని.