రాసే (Raasay) అనే ద్వీపంలోని ఇనుప గనిని ఎందుకు మూసేశారు? ఖనిజం అయిపోయిందా?

ఖనిజం అయిపోలేదు, తవ్వకం గిట్టుబాటు కాక 1919లో మూసేశారు. స్కాట్లాండ్‌లో స్కై ద్వీపం పక్కనుండే రాసేలో విలియం బెయిర్డ్ కంపెనీ మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు గని, రైలు మార్గం, రేవు, బట్టీలు, కార్మికుల ఇళ్లు కట్టింది. అంతలో యుద్ధం వచ్చింది, మనుషులు సైన్యంలోకి వెళ్లిపోయారు. ఇనుము అవసరం మాత్రం పెరిగింది. దాంతో జర్మన్ యుద్ధ ఖైదీలను గనిలో దించారు. ఆయుధాలకు పనికొచ్చే పని ఖైదీలతో చేయించడం అంతర్జాతీయ నిబంధనలకు విరుద్ధం, అయినా చేయించారు.

అసలు చిక్కు ఖనిజం నాణ్యతలో ఉంది. రాయిలో ఇనుము శాతం తక్కువ. తవ్విన రాయిని అలాగే ఓడకెక్కిస్తే రవాణా ఖర్చు దండగ. అందుకే బరువు తగ్గేలా ముందు రేవు దగ్గరి బట్టీల్లో కాల్చాల్సి వచ్చేది. యుద్ధం ముగిశాక, ఖైదీల శ్రమ లేకుండా ఈ ఖర్చంతా భరించడం కష్టమైంది.

మిగిలిన రైలు కట్టను చూసి ఇక్కడ ప్రయాణికుల రైలు తిరిగేదని కొందరు అనుకుంటారు. అది ఖనిజం వ్యాగన్ల కోసం వేసిన నారోగేజ్ (పట్టాల మధ్య దూరం తక్కువుండే) లైను. ఏటవాలులో వ్యాగన్లను ఇనుప తాళ్లతో నడిపేవారు.