పాత టేప్ ఎకో ప్రీయాంప్‌లో బుస: జెఫెట్ కొనే ముందు ఒక షార్ట్ ప్లగ్ చేసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది బ్రో, పాత ఎకోప్లెక్స్ ఈపీ-3 (గిటార్‌కి టేప్ మీద ప్రతిధ్వని ఇచ్చే మెషీన్) దొరికింది, ఎకో వాల్యూమ్ పూర్తిగా తగ్గించేసినా, టేప్ తీసి పక్కన పెట్టేసినా ఆంప్‌లో పాము బుసకొట్టినట్టు ఒకటే స్స్స్, అందరూ దాని ప్రీయాంప్‌లో, అంటే చిన్న సిగ్నల్‌ని ముందుగా పెంచే సర్క్యూట్‌లో ఉన్న జెఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) మార్చెయ్ అంటున్నారు, మార్చాలా వద్దా అని. మార్చొచ్చు గానీ ఇప్పుడే వద్దు. నేను సరిగ్గా ఆ పనే చేసి మూడు నెలలు తిక్కతిక్కగా తిరిగాను కాబట్టి చెప్తున్నా.

నా దగ్గరున్నది మా మేనమామది. ఆయన మద్రాసులో లైట్ మ్యూజిక్ ట్రూపుల్లో గిటార్ వాయించేవాడు, మానేశాక అది వడపళని ఇంట్లో బీరువా మీద ఏళ్ళ తరబడి పడుంది, చెన్నై ఉప్పు గాలి సంగతి తెలుసు కదా, జాక్‌లు పచ్చబడిపోయాయి, పాట్‌లు తిప్పితే కరకర. తీసుకురాగానే నేను చేసిన మొదటి ఘనకార్యం ఏంటంటే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి వేశా. గుంయ్ మనే హమ్ పోయింది, స్స్స్ మాత్రం అంగుళం కదల్లేదు. ఎందుకు కదుల్తుంది, పవర్ సప్లై ఫిల్టర్ ఎండిపోతే వచ్చేది 50 హెర్ట్జ్, 100 హెర్ట్జ్ శబ్దం, అది కింద స్వరం, బుసకీ దానికీ సంబంధం లేదు. మీది కూడా ముందు చెవి పెట్టి వినండి, గుంయ్ అంటోందా, స్స్స్ అంటోందా, లేక చిటపట అంటోందా. మూడింటికీ మూడు జబ్బులు.

ఇప్పుడు షార్ట్ ప్లగ్. ఒక మామూలు పావంగుళం జాక్ పిన్ తీసుకుని టిప్‌కీ (కొనకీ) స్లీవ్‌కీ (ఒంటికీ) మధ్య చిన్న వైర్ ముక్క సోల్డర్ చెయ్యండి, అంతే. దాన్ని ఇన్‌పుట్‌లో పెట్టి వినండి. ఏమీ పెట్టకుండా ఖాళీగా వదిలేసి బుస వస్తోందని చెప్పడం వేస్ట్, ఎందుకంటే అప్పుడు ప్రీయాంప్‌కి ఎదురుగా ఉన్నది పెద్ద రెసిస్టర్ ఒక్కటే. ఏ రెసిస్టర్ అయినా వేడి వల్లే కొంచెం శబ్దం పుట్టిస్తుంది, 1 మెగా ఓమ్ అయితే 20 కిలోహెర్ట్జ్ వెడల్పులో దాదాపు 18 మైక్రోవోల్టులు, అదే 10 కిలో ఓమ్ అయితే 1.8 మాత్రమే. గిటార్ పెడితే పికప్ కాయిల్ ఆ పెద్ద రెసిస్టర్‌కి పక్కనే ప్యారలల్‌గా వచ్చేస్తుంది కాబట్టి ఆ బుస చాలావరకు దానంతటదే అణిగిపోతుంది. నేను గిటార్ పెట్టకుండా కూర్చుని దీన్ని నెల రోజులు తిట్టుకున్నా, సిగ్గుగా ఉంది చెప్పడానికి.

షార్ట్ ప్లగ్ పెట్టాక కూడా గట్టిగానే ఉంటే అది సర్క్యూట్ సొంత బుస. అప్పుడు వెనక్కి నడవాలి, అంటే అవుట్‌పుట్ దగ్గర మొదలుపెట్టి ఇన్‌పుట్ వైపు. 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ ఒకటి తీసుకుని ఒక కాలు గ్రౌండ్‌కి క్లిప్ చేసి, రెండో కాలుతో ఒక్కో స్టేజ్ (సిగ్నల్‌ని పెంచే ఒక్కో మెట్టు) ఇన్‌పుట్‌ని ముట్టుకుంటూ రండి. కెపాసిటర్ మధ్యలో ఉంటుంది కాబట్టి డీసీ బయాస్ (ట్రాన్సిస్టర్ పనిచెయ్యడానికి కావాల్సిన స్థిరమైన వోల్టేజ్) చెడదు, సిగ్నల్ మాత్రమే నేలపాలవుతుంది. ఒకచోట ముట్టుకుంటే బుస ఠక్కున ఆగిపోయింది అనుకోండి, అది పుట్టేది అంతకు ముందు. ఆగలేదంటే ఆ స్టేజ్‌లోనో తర్వాతో. నాది మొదటి స్టేజ్‌లోనే తేలింది, మామూలుగా అక్కడే తేలుతుంది కూడా, ఎందుకంటే అక్కడ పుట్టిన చిన్న శబ్దాన్ని తర్వాతి స్టేజ్‌లన్నీ పెంచుకుంటూ పోతాయి. (ఒక చేయి జేబులో పెట్టుకుని చెయ్యండి బ్రో. ఈ మెషీన్ లోపల సర్క్యూట్ 22 వోల్టులదే గానీ ట్రాన్స్‌ఫార్మర్ ముందు వైపు మెయిన్స్ ఉంటుంది. అదే వాల్వ్ (గాజు ట్యూబ్) ఉన్న పాత మోడల్ అయితే స్విచ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు మిగిలుంటాయి.)

ఇక్కడ నేను వెళ్ళి జెఫెట్‌లు కొన్నా. ఈపీ-3 వచ్చింది 1970లో, వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లొచ్చిన మోడల్, ముందు స్టేజ్‌లో టీఐఎస్58 అనే జెఫెట్ ఉంటుంది, ఇప్పుడు దొరకడం కష్టం. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌లో ఒక షాపులో దాని బదులు 2ఎన్5457 అనే జెఫెట్ అడిగితే ఓ పది చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి దాని మూడు కాళ్ళలో గేట్‌నీ సోర్స్‌నీ కలిపి మీటర్‌తో కరెంట్ చూస్తే 12 మిల్లీయాంప్‌లు! డేటాషీట్ ప్రకారం 1 నుంచి 5 లోపు ఉండాలి. అంటే వేరే ఏదో దాని మీద పేరు మార్చి ముద్ర కొట్టి అమ్మారు. మీరు కొన్నా ముందు ఇలా కొలవండి, ఇంకోటి, పిన్‌ల వరుస నంబర్‌ని బట్టి మారుతుంది, పాతదాని చోట అలాగే గుచ్చేస్తే పనిచెయ్యకపోవచ్చు. తర్వాత తెలిసినవాళ్ళ దగ్గర అసలైనది సంపాదించి వేస్తే బుస తగ్గిందా అంటే, తగ్గింది, కొంచెం, పక్కన ఎవరూ లేకపోతే వినపడేంత.

చివరికి దొంగ ఎవరో తెలుసా, జెఫెట్ మూడో కాలు డ్రెయిన్ మీద ఉన్న పాత కార్బన్ కాంపోజిషన్ (కార్బన్ పొడి అచ్చుపోసిన పాతరకం) రెసిస్టర్. వీటికి వేడి వల్ల వచ్చే బుస కాక ఇంకో దురలవాటు ఉంది, డీసీ కరెంట్ పోతుంటే అదనంగా శబ్దం చేస్తాయి, దాని మీద ఎన్ని వోల్టులు పడితే అంత ఎక్కువ. అందుకే ఈ డ్రెయిన్ రెసిస్టర్ మీద బాగా వినపడుతుంది. డీసీ అసలు పడని గేట్ రెసిస్టర్‌ని మార్చినా పెద్ద ఉపయోగం ఉండదు, కాబట్టి బోర్డంతా పీకి మెటల్ ఫిల్మ్ వెయ్యకండి, పాత ట్రాక్‌లు వేడికి లేచొచ్చేస్తాయి. అదే విలువ, అర వాట్ మెటల్ ఫిల్మ్ ఒకటి, రెండు రూపాయలు, అంతే. వేసి స్విచ్ వేస్తే నిశ్శబ్దం కాదు గానీ, ఫ్యాన్ చప్పుడు కిందకి పోయింది. కొండను తవ్వి ఎలుకని పట్టడం అంటే ఇదే.

ఇంకా కొంచెం మిగిలితే అవుట్‌పుట్ దగ్గర చిన్న కెపాసిటర్ గ్రౌండ్‌కి వేసి పై స్వరాలు కొయ్యొచ్చు, కానీ చేయి అదుపులో పెట్టుకోండి. అక్కడ రెసిస్టెన్స్ దాదాపు 10 కిలో ఓమ్ అనుకుంటే 4700 పికోఫారడ్ వేస్తే 3.4 కిలోహెర్ట్జ్ నుంచే కోసేస్తుంది, నేను వేశా, గిటార్‌కి దుప్పటి కప్పినట్టైంది. 2200 వేస్తే 7 కిలోహెర్ట్జ్ పైన, అది ఓకే. అసలు జనం ఈ మెషీన్ ప్రీయాంప్‌ని ఎకో లేకుండా కూడా టోన్ కోసమే ఇష్టపడతారు కాబట్టి టోన్‌ని చంపి బుస తగ్గించుకోవడంలో అర్థం లేదు.

డిస్టార్షన్ పెడల్‌కి ముందు టేప్ ఎకో పెట్టారా? తీసి వెనక పెట్టండి, ముందుంటే పెడల్ ఆ బుసని కూడా గిటార్‌లాగే పెంచుతుంది. గిటార్ వాల్యూమ్ ఫుల్‌గా పెట్టి ఆంప్ తగ్గించడం కూడా ఉచిత వైద్యమే. రిపీట్స్‌లో (టేప్ మీంచి వచ్చే ప్రతిధ్వనుల్లో) మాత్రమే బుస వస్తే అది వేరే కథ, టేప్ హెడ్‌లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి డీమాగ్నెటైజ్ చెయ్యండి (పట్టిన అయస్కాంతం తీసెయ్యండి), డీమాగ్నెటైజర్‌ని హెడ్ దగ్గరే స్విచ్ ఆఫ్ చెయ్యొద్దు, మెల్లగా దూరం జరిపాక ఆఫ్ చెయ్యాలి, లేకపోతే ఉన్నదానికంటే ఎక్కువ అయస్కాంతం పట్టిస్తారు.

షార్ట్ ప్లగ్ పెట్టాక ఏం వినపడిందో రాయండి, అక్కడ్నుంచి చూద్దాం. రిచీ స్ట్రీట్‌కి వెళ్తే ఆదివారం మాత్రం వెళ్ళకండి, నేను రెండుసార్లు వెళ్ళి షట్టర్లు చూసొచ్చా.