బైబిల్లో దాచిన బిల్లులు

ప్రియమైన చెల్లెమ్మకు,

ప్రభువు నామమున వందనాలు. నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన వ్యాసం అందాయి. వ్యాసం రెండుసార్లు చదివాను. ఒకసారి గబగబా, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని. "మొహమాటం లేకుండా చెప్పండి అన్నయ్యా" అన్నావు కాబట్టి చెబుతున్నాను. మొదటి రెండు పేజీలూ నువ్వు రాసినవి కావు. కాపీ కొట్టావని అనడం లేదు. తుఫాను, నావ, లంగరు, కారుచీకటి, వేకువచుక్క... ఇవన్నీ చిన్నప్పటి నుంచి వింటున్న ప్రసంగాల్లోంచి నీ కలంలోకి వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. నాకూ ఇలాగే జరిగింది. నా మొదటి పదేళ్ల రాతల్లో ఎన్ని నావలు మునగబోయి తేలాయో లెక్కే లేదు.

మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర మాత్రం పెన్సిల్ ఆగిపోయింది. "నాన్న డయాలసిస్ బిల్లులన్నీ అమ్మ బైబిల్లో పెడుతుంది, మా ఇంట్లో పోకుండా ఉండే పుస్తకం అదొక్కటే." అంతే రాశావు. వెంటనే మళ్లీ లంగరు దగ్గరికి వెళ్లిపోయావు. నాకు మాత్రం ఆ బైబిలు కళ్లముందు కనబడింది. కాగితాలతో ఉబ్బిపోయి, కవరు జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయిన బైబిలు. పేజీ తిప్పితే వచనం, దాని పక్కనే ఆస్పత్రి ముద్ర, కింద మొత్తం. నీ వ్యాసం మొదలవ్వాల్సింది అక్కడ. ముందున్న రెండు పేజీలూ అక్కడిదాకా రావడానికి నువ్వు నడిచిన నడక. ఆ నడక నీకు అవసరమే, చదివేవాళ్లకు అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా గమనించాను. ఉత్తరంలో "నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్ నడుస్తూనే ఉంది, అమ్మ బాగా అలిసిపోయింది" అని రాశావు. వ్యాసం మాత్రం "దేవుడు సమస్తమునూ చక్కపరిచాడు" అని ముగించావు. రెండూ ఒకే వారంలో, ఒకే చేత్తో రాసినవి. ఏది నిజం? ఇలా నేను అడిగితే నీకు కోపం రావచ్చు. విశ్వాసంతో అలా రాశానంటావు. విశ్వాసంతో అయితే "చక్కపరుస్తాడు" అని రాసి ఉండేదానివి. "చక్కపరిచాడు" అని రాయించింది వ్యాసం ముగించాలన్న తొందర. సాక్ష్యం అంటే కష్టం వచ్చింది, మోకరించాం, అద్భుతం జరిగింది అనే వరసలోనే ఉండాలని మనకు ఎవరూ నేర్పకుండానే అలవాటైపోయింది. అద్భుతం ఇంకా జరగనివాళ్లు ఆ వరసలో ఎక్కడ నిలబడాలో తెలియక వెనక బెంచీలో కూర్చుంటారు. నువ్వు రాయాల్సింది వాళ్ల కోసం కూడా. ఆ మాటకొస్తే, ఇవాళ నువ్వూ వాళ్లలో ఒకదానివే.

మొదటి పేజీలో యిర్మీయా 29:11 ఎత్తి రాశావు. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." మంచి వచనం. గోడ క్యాలెండర్ల మీద దీనికున్నంత చోటు ఇంకే వచనానికీ ఉండదేమో. కానీ దాన్ని ఒంటరిగా తెచ్చి నిలబెట్టావు. దాని పొరుగున ఎవరున్నారో చూడు. ఆ అధ్యాయం అసలు ఒక ఉత్తరం. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మీయా పంపిన ఉత్తరం. 11కు ముందున్న 10వ వచనం ఏమంటుంది? 70 సంవత్సరాలు గడిచాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానంటుంది. ఆ ఉత్తరం అందుకున్న నలభై ఏళ్ల మనిషి వేళ్ల మీద లెక్కేసుకుని ఉంటాడు. తను తిరిగి రాడు. అందుకే 5వ వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త వస్తాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని యెహోవా పేరు మీదే చెబుతాడు. డెబ్భై ఏళ్లు అన్నవాడి మాట కంటే రెండేళ్లు అన్నవాడి మాట వినడానికి ఎంత హాయిగా ఉండి ఉంటుంది! మనలాంటి రచయితల్లో హనన్యాలు చాలామంది ఉన్నారు చెల్లెమ్మా. నేనూ కొన్నాళ్లు ఆ పని చేశాను.

ఎలా చేశానో చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నాకు బాగా దగ్గరైన ఒక స్నేహితురాలి తమ్ముడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. నేను వారం తిరక్కుండా వ్యాసం రాసేశాను. రోమా 8:28 మీద. "సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అని మొదలుపెట్టి, ఆ మరణంలో కూడా ఏం మేలు ఉండొచ్చో మూడు పాయింట్లు రాశాను. ఒక చిన్న పత్రికలో అచ్చయింది. నలుగురు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆమె మాత్రం ఏమీ అనలేదు. మూడేళ్ల తర్వాత ఏదో మాటల్లో ఆ వ్యాసం సంగతి వచ్చింది. ఆమె కాసేపు ఊరుకుని, "అది నేను సగమే చదివానన్నా" అంది. తర్వాత అడిగింది. "ఆస్పత్రిలో ఆ రాత్రి నా ఫోన్ చార్జింగ్ అయిపోతే ఎక్కణ్నుంచో చార్జర్ పట్టుకొచ్చావు, గుర్తుందా?"

నాకు గుర్తులేదు. నిజంగానే గుర్తులేదు. వ్యాసంలో కామా ఎక్కడ పెట్టానో గుర్తుంది గానీ చార్జర్ గుర్తులేదు.

ఆ తర్వాత చాలాకాలం 8:28 జోలికి వెళ్లలేదు. తప్పు వచనానిది కాదని తెలియడానికి కొన్నేళ్లు పట్టింది. ఒకరోజు 18వ వచనం నుంచి మెల్లగా చదువుకుంటూ వస్తే అక్కడ మూడు మూలుగులు వినబడ్డాయి. 22లో సృష్టి అంతా మూలుగుతోంది. 23లో మనం మూలుగుతున్నాం. 26లో ఆత్మే "ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో" మన పక్షాన విజ్ఞాపన చేస్తున్నాడు. ఈ మూడూ అయ్యాక గానీ ఆ పత్రిక రాసిన పౌలు 28 దగ్గరికి రాడు. నేను ఆ మూలుగులన్నీ దాటేసి ఆఖరి మాట ఒక్కటే తెంపుకొచ్చి, ఇంకా ఏడుస్తున్న మనిషి చేతిలో పెట్టాను. అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు నాకంటే నయం. నోరు తెరవకముందు ఏడు రోజులు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వాళ్లు పాడుచేసిందంతా ఎనిమిదో రోజు నుంచే.

అందుకే నీకు ఒక్క పని చెబుతున్నాను, మిగతావి నువ్వే నేర్చుకుంటావు. ఏ వచనం రాసినా దాని ఇరుగుపొరుగును పలకరించకుండా రాయకు. అపొస్తలుల కార్యములు 12 తీసుకో. చెరసాలలో పేతురు గొలుసులు ఊడిపడిన అధ్యాయమది. ఇనుప తలుపు దానంతట అదే తెరుచుకుంది. ఎన్ని సాక్ష్యాలకు అది మూలవాక్యమో! అదే అధ్యాయం 2వ వచనంలో, పేతురును చెరలో వేయించిన హేరోదు రాజే, యోహాను అన్న యాకోబును ఖడ్గంతో చంపించాడు. యాకోబు యేసు పన్నెండు మంది శిష్యుల్లో ఒకడు. యేసు రూపాంతరం చెందిన కొండ మీద పేతురుతో కలిసి నిలబడినవాడు. ఒకరికి తలుపు తెరుచుకుంది, ఒకరికి తెరుచుకోలేదు. ఆ పుస్తకం రాసిన లూకా ఎందుకో చెప్పలేదు. యాకోబు విశ్వాసం తక్కువైందని ఒక్క ముక్క కూడా అనలేదు. ఇద్దరినీ ఒకే అధ్యాయంలో పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం మనకు చేతకాదు. "ఎందుకంటే" అని మొదలుపెట్టకపోతే మనకు కాలూ చెయ్యీ ఆడదు. నీ వ్యాసంలో "ఎందుకంటే" పదకొండు చోట్ల ఉంది. సున్నాలు చుట్టాను, చూసుకో.

అలాగని వెలుగు గురించి రాయొద్దనుకునేవు! వెలుగు లేకుండా రాస్తే అది సువార్తే కాదు. బాధను వర్ణించి వదిలేయడం కూడా ఇప్పుడు ఒక ఫ్యాషన్, దాని జోలికీ పోకు. సువార్త ఏమిటో పౌలు 1 కొరింథీయులు 15లో క్రీస్తు గురించి నాలుగు క్రియల్లో చెప్పాడు. మృతిపొందెను, సమాధిచేయబడెను, లేపబడెను, కనబడెను. నాకు ఆ రెండోది ఇష్టం. చనిపోయాడు, లేచాడు అంటే చాలదా? సమాధి సంగతి మధ్యలో ఎందుకు? రాయి దొర్లించి మూసేశారు, ఆడవాళ్లు చూసి ఇంటికి వెళ్లిపోయారు, విశ్రాంతిదినం ఏమీ జరగకుండా గడిచింది. ఏమీ జరగని ఆ రోజు కూడా సువార్తలో భాగమే. మీ నాన్న ఆ మెషీన్ పక్కన పడుకునే గంటలు, మీ అమ్మ బయట కుర్చీలో కునికిపాట్లు పడే గంటలు ఆ రెండో క్రియ కిందికి వస్తాయి. వాటిని దాటేసి మూడో క్రియకు గెంతితే, అది ఎక్కడి నుంచి లేచిందో చదివేవాడికి తెలియదు. లేచిన తర్వాత కూడా ఆయన చేతుల్లో గాయాలు అలాగే ఉన్నాయి. తోమాకు చూపించింది వాటినే.

భాష గురించి కొంచెం. మన సంఘాల్లో మాట్లాడే తెలుగుకు, బయట మాట్లాడే తెలుగుకు మధ్య ఒక సన్నటి గోడ ఉంది. నువ్వు "దేవుడు నాకు సమాధానం ఇచ్చాడు" అని రాశావు. మనవాళ్లు శాంతి అని చదువుకుంటారు. బయటివాళ్లు జవాబు అని చదువుకుంటారు, ఏ ప్రశ్నకు అని వెతుక్కుంటారు. "శ్రమ" అంటే మనకు బాధ, వాళ్లకు కష్టపడి పనిచేయడం. వచనాన్ని వచనంలా ఉన్నదున్నట్టు రాయి, ఆ పాత తెలుగు అందం దానిది. నీ సొంత వాక్యంలో మాత్రం "కలుగజేయుచున్నాడు" వద్దు. మీ అమ్మతో ఎప్పుడైనా అలా మాట్లాడావా?

ఒక్క మాట విషయంలో మాత్రం ఆ గోడ మనకు మేలే చేసింది. నిరీక్షణ. బయట దానికి ఎదురుచూపు అని అర్థం. మన బైబిలు తెలుగులో ఆశకు కూడా అదే మాట. ఎవరు మొదట ఆ మాటను ఎంచుకున్నారో గానీ, వాళ్ల చేతికి దండం పెట్టాలి. ఆశ అంటే మనసులో కలిగేది, నిరీక్షణ అంటే కూర్చుని చేసేది. "తాను చూచుచున్న దానికొరకు ఎవడు నిరీక్షించును?" అని పౌలు అడిగింది అందుకే. నీ వ్యాసానికి "తుఫానులో నిరీక్షణ" అని పేరు పెట్టావు. తుఫాను తీసెయ్, నిరీక్షణ ఉంచుకో. కాకపోతే లోపల ఎవరైనా నిజంగా ఎదురుచూస్తూ కనబడాలి. టోకెన్ నంబరు చేతిలో పెట్టుకునో, గోడ గడియారం చూస్తూనో.

చిన్న వస్తువులు రాయడానికి సిగ్గుపడకు. రెండో తిమోతి 4వ అధ్యాయం 7వ వచనం అందరికీ కంఠతా వచ్చు. "మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడముట్టించితిని." ఆరు వచనాలు దాటాక 13లో అదే పౌలు ఏం అడుగుతున్నాడు? త్రోయలో కర్పు దగ్గర వదిలేసి వచ్చిన అంగీ తీసుకురమ్మంటున్నాడు. పుస్తకాలు కూడా. ఆ కింద 21లో, శీతకాలం రాకముందే రమ్మంటున్నాడు. చెరసాలలో చలి వేస్తుందన్న మాట! నీతి కిరీటం సంగతి, చలికోటు సంగతి ఒకే ఉత్తరంలో ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి ఉన్నందుకు పౌలుకు ఏ ఇబ్బందీ లేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ వచనం చదివినప్పుడల్లా నాకు ఆమె చెప్పిన చార్జర్ గుర్తుకొస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రోజూ కొంచెమైనా రాయి. బిగ్గరగా చదువుకో. కన్నీళ్లతో రాసింది వారం పక్కన పెట్టి పొడి కళ్లతో దిద్దు. విలాపవాక్యములు చూడు, పట్టణం కాలిపోయిన దుఃఖాన్ని ఆ కవి హెబ్రీ అక్షరమాల వరసలో పేర్చాడు. మొదటి నాలుగు అధ్యాయాలూ అలా కట్టినవే. ఏడుపుకి కూడా పని పెట్టాడు. 88వ కీర్తన ఎప్పుడైనా పూర్తిగా చదివావా? "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. ఆ తర్వాత ఇంకేమీ లేదు. అది పాడిన మనిషి మొదటి వచనంలో దేవుణ్ని "నా రక్షణకర్త" అనే పిలిచాడు, చివరి దాకా ఆయనతోనే మాట్లాడాడు. నీ వ్యాసం అలా ముగిసినా ఫరవాలేదు, దేవుడేమీ నొచ్చుకోడు.

అన్నట్టు, ఇది అచ్చుకు ఇచ్చే ముందు అమ్మకు చదివి వినిపించు. బిల్లుల సంగతి ఆవిడది, నీది కాదు. వద్దంటే మానెయ్. నాన్నను కూడా అడుగు. ఒంట్లో బాగోలేనివాళ్ల గురించి వాళ్లను అడక్కుండా రాసేస్తుంటాం, సాక్ష్యం కదా అని.

మళ్లీ రాసి పంపు. నాలుగు పేజీలు అక్కర్లేదు, రెండు చాలు. రాసే ముందు ఆ బైబిలు జిప్పు తీసి చూడు, బిల్లులు ఏ పుస్తకంలో ఉన్నాయో. కీర్తనల్లో ఉంటే బాగుండునని నీకు అనిపిస్తుంది, నాకూ అనిపిస్తోంది. కానీ సంఖ్యాకాండంలో గోత్రాల లెక్కల మధ్య ఉంటే సంఖ్యాకాండమనే రాయి. ఏ అధ్యాయం దగ్గర ఉన్నాయో నాకు కూడా చెప్పు. ఆ పక్క వచనం ఏమిటో చూడాలని ఉంది.

నాన్నను అడిగానని చెప్పు. మీ ముగ్గురి కోసం ప్రార్థిస్తున్నాను.

ప్రేమతో,
అన్నయ్య