జెల్‌లో మందు పెట్టే ముందు

చిరంజీవి సుమకు పెద్దబాపు ఆశీర్వదించి రాయునది.

నీకు పీహెచ్‌డీలో సీటు వచ్చిందనీ, రొమ్ము క్యాన్సర్ గడ్డను కోసి తీసేసిన చోట డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు కలిపిన హైడ్రోజెల్ నింపి, మిగిలిపోయిన కణాలను అక్కడికక్కడే చంపే పద్ధతి మీద పనిచేయబోతున్నావనీ మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. మందుల తయారీ పాఠాలు చెబుతూనే తల నెరిసిన నాకు ఇంతకన్నా గర్వకారణం ఏముంటుంది? అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను.

నోటుపుస్తకంలో తేదీ వేసి రాయడం, తూనికను సరిచూసుకోవడం, ప్రతి కొలతనూ మూడుసార్లు తీయడం నీకు తెలిసినవే. జంతువుల మీద ప్రయోగానికి నైతిక సంఘం అనుమతి కోసం ముందే దరఖాస్తు పెట్టుకో. చల్లగా ఉంటే ద్రవంగా ఉండి వేడికి జెల్‌గా మారే పోలోక్సమర్ 407 వాడేటట్టయితే పొడిని మంచులాంటి నీళ్లలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. ఇరవై శాతం ద్రావణం ఇంచుమించు గది వేడికే గడ్డకడుతుంది కాబట్టి, మన హనుమకొండ మే నెల ఎండలో బల్ల మీద పెట్టి మాటల్లో పడ్డావంటే సిరంజిలోనే బిగుసుకుపోయి, సూది గుండా చుక్క కూడా దిగదు.

నీ ఆలోచనలో తప్పు లేదు. విక్టర్లే, లిమ్ అనే చెక్ శాస్త్రవేత్తలు 1960లో శరీరంలో వాడదగిన హైడ్రోజెల్‌ల గురించి రాసినప్పటి నుంచి, నీటిని పట్టి ఉంచే ఈ మెత్తటి పదార్థం కణజాలానికి దగ్గరగా ఉంటుందని అందరికీ ఆశ. డాక్సోరుబిసిన్‌ను నరంలోకి ఎక్కిస్తే అది ఒళ్లంతా తిరుగుతుంది. జీవితకాలపు మొత్తం మోతాదు ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటితే గుండె దెబ్బతినే ముప్పు బాగా పెరుగుతుంది. మందు కావలసిన చోటే ఉంటే గుండెకు ఆ బాధ తప్పుతుంది. అయితే అక్కడే ఉండిపోయిన మందు ఏం చేస్తుందో మన ఇంట్లోనే చూశాం.

మీ మేనత్తకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు నువ్వు చాలా చిన్నదానివి. ఒక ఆసుపత్రిలో, పేరు రాయను, ముంజేతి నరానికి సూది గుచ్చి ఎర్రగా ఉండే ఈ డాక్సోరుబిసిన్‌నే ఎక్కిస్తుండగా, చెయ్యి మండుతోందని ఆమె రెండుసార్లు చెప్పింది. అక్కడున్న మనిషి సీసా వైపు చూసి, అందరికీ అలాగే ఉంటుందమ్మా, కాసేపు ఓర్చుకోమన్నాడు. ఆమె మూడోసారి చెప్పినప్పుడు గానీ, సూది కొన నరం దాటి బయటికి వచ్చిందని అతను చూడలేదు. గొట్టం ఆపి, లోపలికి పోయిన మందును సిరంజితో వెనక్కి లాగి, చల్లటి కాపడం పెట్టవలసిన మొదటి నిమిషాలు అలా పోయాయి. ఆ రోజు రూపాయి బిళ్లంత ఎరుపు మాత్రమే కనిపించింది. తరువాతి వారాల్లో అది నల్లబడి, పుండై, అంచులు జరుపుకుంటూ పోయి చివరికి కండను ఎముకకు కట్టే తెల్లటి తాళ్లు బయటపడ్డాయి. డాక్సోరుబిసిన్ కణం డీఎన్ఏను పట్టుకుని కూర్చుంటుంది. ఆ కణం చచ్చిపోయాక బయటపడి పక్క కణంలోకి పోతుంది. అందుకే ఆ పుండు అంతకాలం పెరుగుతూనే పోయింది. తొడ చర్మం తీసి అతికారు. ఆ ఏడు బతుకమ్మకు తంగేడు పూలను ఆమె ఎడమ చేత్తో పేర్చింది. నరంలో పారుతూ ఆమె ప్రాణం నిలిపిన మందే, కండలో చిక్కుకుని ఆమె చేతిని తిన్నది.

బిడ్డా, నువ్వు చేయబోయేది ఆ మందునే తెలిసి, కొలిచి, కండల మధ్య పెట్టడం. కాబట్టి నువ్వు గీసే మొదటి గ్రాఫు, జెల్ నుంచి తొలి ఇరవైనాలుగు గంటల్లో ఎంత మందు బయటికి వస్తుందో చూపేది కావాలి. జెల్‌ను వలలా అల్లిన పొడవాటి అణువుల గొలుసుల మధ్య సందులు ఆ మందు అణువు కంటే ఎంతో పెద్దవి. జల్లెడలో పిండి నిలుస్తుందా? వల ఒక్కటే మందును ఆపదు. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ లాంటి రుణావేశం గల గొలుసుకు ధనావేశం గల మందును అంటిపెట్టాలి, లేదా నెమ్మదిగా తెగే రసాయన బంధంతో కట్టాలి. మందు లేని ఖాళీ జెల్‌ను ప్రతి ప్రయోగంలోనూ పక్కన పెట్టు. గొలుసులను ముడివేయడానికి వాడిన గ్లూటరాల్డిహైడ్ మిగిలి కణాలను చంపుతుంటే, ఆ ఘనతను మందుకు కట్టబెట్టి సంబరపడే పరిశోధకులకు కొదవ లేదు. క్యాన్సర్ కణాలతో పాటు మామూలు చర్మకణాలను కూడా చూడు. గాయం మానడం ఆలస్యమైతే, తరువాత ఇవ్వవలసిన రేడియేషన్ కూడా వెనక్కి పోతుంది; ఫలితం రుజువైన చికిత్సను ఆపి కొత్తది పెట్టామన్న నింద మనకెందుకు?

కిడ్నీ నుంచి మూత్రం దిగే దారిలో, అంటే మూత్రపిండపు గరాటులోనూ మూత్రనాళంలోనూ వచ్చే తక్కువ తీవ్రత గల క్యాన్సర్‌కు, మైటోమైసిన్ అనే క్యాన్సర్ మందు కలిపిన జెల్‌ను అమెరికాలో 2020లో అనుమతించారు. చల్లగా ద్రవంలా పోస్తే ఒంటి వేడికి గడ్డకడుతుంది. రోగుల మీద చేసిన దాని పరీక్షలో 71 మందిలో 42 మందికి క్యాన్సర్ గడ్డ పూర్తిగా కనిపించకుండా పోయింది. 31 మందికి మూత్రనాళం ఇరుకైంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకో. నీ గైడు మొదటిదే చెప్పమనవచ్చు, నువ్వు రెండోది దాచవద్దు.

నేను గట్టిగా కోరేది ఒక్కటే: నీ జెల్‌ను అవసరమైతే వెనక్కి తీసే దారి మొదటి రోజే ఆలోచించు. కాల్షియంతో గడ్డకట్టిన ఆల్జినేట్ సోడియం సిట్రేట్ తగిలితే కరుగుతుంది. అలా కరిగించి కడిగేసినప్పుడు ఎంత మందు బయటికి వస్తుందో కొలిచిన వాళ్లు తక్కువ. ఆ పట్టిక నీ థీసిస్‌లో ఉండాలి. నవ్వేవాళ్లు నవ్వనీ.

మీ బాపు ఇంకో మాట కూడా చెప్పాడు: గ్లవ్స్‌తో చేతులు చెమట పడుతున్నాయని తీసేసి పనిచేస్తావట! ఆ ఎర్రపొడి దగ్గర అలాంటి వేషాలు వేశావంటే నేనే ల్యాబ్‌కు వచ్చి చెవి మెలిపెడతాను. రెండు జతలు వేసుకో, సేఫ్టీ క్యాబినెట్‌లోనే తూచు, మధ్యాహ్నం అన్నం మానకు. పెద్దమ్మ పచ్చిపులుసు, సకినాలు పంపుతానంటోంది. డబ్బా తిరిగి ఇస్తేనట.

వచ్చే వారం వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో నాకు తెలిసిన సర్జన్ దగ్గరికి తీసుకుపోతాను. రొమ్ము గడ్డతో పాటు చంక గ్రంథులు కూడా తీసినప్పుడు గాయంలో ఒక డ్రెయిన్ గొట్టం పెట్టి, లోపల ఊరే నీటిని సీసాలోకి లాగుతారు. నువ్వు పెట్టిన మందులో ఎంత ఆ సీసాలోకి పోతుందో ఇంతవరకు లెక్కగట్టావా? రాకముందే ఒక అంచనా కాగితం మీద రాసి తీసుకురా.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు,
హనుమకొండ