ఆ ఏడు ఎందుకు వెళ్లలేదో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

మద్రాసు దగ్గరి కిష్కింత వినోదాల పార్కుకు చిన్నప్పుడు వెళ్లిన జ్ఞాపకాలు నువ్వు రాసి పంపింది రాత్రే చదివాను. పొద్దున లేచి నాలుగో పేజీ కోసం మళ్లీ తీశాను. ఆ పేజీ మధ్యలో ఒక మాట రాశావు: "2001 వేసవిలో మాత్రం ఎందుకో వెళ్లలేదు." అంతే. ఆ వెంటనే మళ్లీ జారుడుబల్ల, మళ్లీ నీళ్లాట, మళ్లీ ఐస్‌క్రీము. ఆ ఒక్క మాట దగ్గర నాకు కోపం వచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

అమ్మాయ్, మీది కొండపి పక్క ఊరు. మీ నాయన పొగాకు రైతు. ఆకు కాల్చే కొట్టం, మీ బ్యారన్ గురించి నువ్వే రాశావు, దాగుడుమూతలు ఆడుకున్న చోటని. 2000-01లో ఆంధ్రాలో పొగాకుకు క్రాప్ హాలిడే ప్రకటించారు. అంతకుముందు పండిన సరుకు అమ్ముడుపోక పేరుకుపోయింది, ధర పడిపోయింది, ఆ ఏడు అసలు పంటే వేయొద్దంది పొగాకు బోర్డు. బ్యారన్లు వెలగలేదు. వేలం కేంద్రాల్లో బేళ్లు పరవలేదు. ఎండాకాలంలో మీ ఇంటికి నాలుగు డబ్బులు వచ్చే దారి అదే, అది మూసుకుపోయింది. నువ్వప్పుడు ఎనిమిదేళ్ల పిల్లవి, నీకు తెలియకపోవడంలో తప్పులేదు. కానీ ఇప్పుడు ముప్పై దాటాయి. మీ నాయన ఉన్నాడు, ఫోను చేతిలో ఉంది. అడగొచ్చు కదా? రాయడానికి కూర్చున్న మనిషి "ఎందుకో" అని తప్పించుకుపోతే ఎట్లా?

జ్ఞాపకాలు రాసేవాళ్లు ఎవరు కనిపించినా నేను ఒక్కటే చెబుతాను. ఆ సంతోషానికి డబ్బు ఎక్కడిదో రాయండి. ఎవరు తెచ్చారు, ఏం అమ్మి తెచ్చారు, ఎవరి దగ్గర చెయ్యి చాపారు? పార్కు లోపల నువ్వు చూసినవన్నీ టికెట్ కొన్న ప్రతి పిల్లా చూసినవే. వాటిని ఎంత అందంగా రాసినా అవి నీవి కావు. ఆ టికెట్ దాకా మీరు వచ్చిన దారి మాత్రం మీ ఒక్క ఇంటిది.

కిష్కింత గురించి కనుక్కుని రాశావు. దేశంలో తొలి త్రీడీ సినిమా తీసిన నవోదయ అప్పచ్చన్ తాంబరం దగ్గర దాన్ని కట్టించాడని, వానరుల రాజ్యం పేరు పెట్టాడని. మంచిదే. అయితే ఒంగోలులో పినాకిని రైలు ఎక్కింది మొదలు గూడూరు దాటేదాకా మీ నాయనమ్మ వాలి సుగ్రీవుల కథ చెప్పుకొచ్చింది అన్నావే, ఆమె చెప్పిన కథలో ఒక్క ముక్కయినా లేదు! వాలిని చెట్టుచాటు నుంచి కొట్టడం ఆమెకు నచ్చిందా? మా అమ్మమ్మకు నచ్చేది కాదు. ఆ ఘట్టం వచ్చేసరికి రాముణ్ణి నాలుగు తిట్టిగానీ కథ ముందుకు నడిపేది కాదు. కథల పార్కుకు పోతూ రైల్లోనే అసలు కథ విన్న పిల్లవి నువ్వు. దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేశావు.

డిస్నీల్యాండుతో పోలిక తీసెయ్. 1955లో కాలిఫోర్నియాలో దాన్ని తెరిచారు, నారింజ తోటలు కొట్టేసి. నేనైతే ఆ తోటలు అమ్ముకున్న రైతుల గురించి రాస్తాను.

నీ పేజీలన్నిటిలో నన్ను కదిలించింది మీ అమ్మ. అందరూ నీళ్లలో దిగితే ఆమె గట్టున కూర్చుంది, మీ చెప్పులూ విడిచిన బట్టలూ ఒళ్లో పెట్టుకుని. గేటు దగ్గర టికెట్లు ఇచ్చేటప్పుడు చెయ్యి కొంగులోకి లాక్కుంది, గోళ్ల సందుల్లో పొగాకు బంక ఇంకా నల్లగానే ఉందని. ఆకు అల్లే రోజుల్లో ఆ బంక ఎంత రుద్దినా పోదు, అన్నం కలుపుకుంటే ముద్ద చేదెక్కుతుంది. నేను ఎరిగిన చేతులవి. అక్కడ ఇంకాసేపు ఆగాల్సింది నువ్వు.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో కందుకూరులో ఒక కొట్లో లెక్కలు రాసేవాణ్ణి. రాత్రి కొట్టు కట్టేశాక అదే బల్ల మీద కథలు. మా నాయన మమ్మల్ని మద్రాసు ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లిన సంగతి ఒకసారి కథ చేశాను. ఆ ఖర్చుకు ఆయన విత్తనానికని దాచిన వేరుశనగ బస్తా అమ్మేశాడు. తొలకరికి మళ్లీ విత్తనాలు నాగుకు, అంటే పంటొచ్చాక వడ్డీ కలిపి గింజలే తిరిగి కొలిచే అప్పుకు, తెచ్చుకున్నాడు. ఒక వారపత్రిక సంపాదకుడు సరిగ్గా ఆ పేరానే కొట్టేసి, పైన రంగులరాట్నం బొమ్మ వేయించి అచ్చు వేశాడు. అడిగితే "కథలో లెక్కలెందుకండీ, చదివేవాళ్లకు విసుగు" అన్నాడు. కథ తీయగా ఉందని ఉత్తరాలొచ్చాయి. మా నాయన చదివించుకుని విని, "బస్తా సంగతి రాయలేదేంరా?" అన్నాడు. ఆ తర్వాత ఆ పత్రికకు నేను ఒక్క అక్షరం పంపలేదు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.

ఇప్పుడు ప్రతి ప్రత్యేక సంచికలోనూ బాల్యమే. ఆ రోజులే వేరు అంటారు, తాటిముంజలు, గోలీకాయలు అంటారు. ఒక్క ఇంట్లోనూ అప్పుండదు, ఒక్క తండ్రీ వడ్డీ కట్టడు. మన మెట్ట ప్రాంతపు బాల్యాలు అట్లా గడిచాయంటే నేను ఒప్పుకోను. అది చదివి మురిసిపోయే వాళ్లకోసం నువ్వు రాయొద్దు.

కలంపేరు గురించి, పుస్తకం వేయడం గురించి అడిగావు. వాటి సంగతి ఇప్పుడు రాయను.

వేలం జరిగే రోజు మీ నాయన్ని వెంటబెట్టుకుని కొండపి కేంద్రానికి వెళ్లు. బేళ్ల వరసల మధ్య ఆయన పక్కనే నడువు. కొనేవాళ్లు ఒక బేలు దగ్గర ఆగకుండా దాటిపోతే, దాన్ని నోబిడ్ అని పక్కకు నెడితే, ఆ రైతు ఏం మాట్లాడతాడో విను. తర్వాత ఇంటికొచ్చి తీరుబడిగా అడుగు. పంట లేని ఆ ఏడు ఇల్లు ఎట్లా నడిచింది? పార్కుకు పోదామని మీరు మారాం చేస్తే ఏం చెప్పి ఊరుకోబెట్టాడు? మరుసటి వేసవికి మళ్లీ తీసుకెళ్లాడని రాశావు, ఆ డబ్బు ఎక్కడిదో మాత్రం మీ అమ్మను అడుగు. అది ఆమెకే బాగా తెలిసుంటుంది.

తిరగరాశాక నాకే పంపు. సంక్రాంతి సంచికకు అందదని తొందరపడొద్దు.