ఆర్కిమెడిస్ చేతికి ఏం ఇస్తున్నావు?

తమ్ముడూ,

నువ్వు పంపిన ఫైలు రెండుసార్లు చదివాను. మొదటిసారి బస్సులో, ఫోన్లో. రెండోసారి ఇంట్లో ప్రింట్ తీసుకుని, పెన్సిల్ పట్టుకుని. ఆర్కిమెడిస్‌ని ప్లేయర్ నడిపించే పాత్రగా పెట్టి గేమ్ రాయాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. అందుకే ఉత్తరం పొడుగవుతోంది. నచ్చకపోతే నాలుగు లైన్ల మెసేజ్ పెట్టి ఊరుకునేదాన్ని.

నీ డ్రాఫ్టులో నాకు కనిపించింది ఇదీ. ముప్పై ఏళ్ల దృఢమైన మనిషి. మొదటి కట్‌సీన్‌లో (ఆట ఆపి చూపించే సినిమా ముక్కలో) స్నానాల తొట్టి, "యురేకా" అని అరుపు. తర్వాత ఆయన సొంత ఊరు, సిసిలీ దీవిలోని గ్రీకు నగరం సిరక్యూస్ కోట గోడ మీద నిలబడి, పెద్ద అద్దంతో రోమన్ ఓడలను తగలబెట్టడం. మూడో లెవెల్‌లో అద్దానికి అప్‌గ్రేడ్. మధ్యమధ్యలో గణితం ఎంత గొప్పదో చెప్పే పొడుగాటి డైలాగులు.

ఇందులో గణితవేత్త లేడు. పేరు తీసేసి "మాంత్రికుడు" అని రాసినా నీ గేమ్‌లో ఒక్క బటన్ కూడా మార్చక్కర్లేదు. ఈ మాట నీకు బాధ కలిగిస్తుందని తెలుసు. నాకు ఈ పాఠం ఎలా వచ్చిందో కూడా చెప్తాను. నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో ఒక చారిత్రక గేమ్‌కి పాత్రలు రాయమన్నారు. కథానాయకుడికి పన్నెండు పేజీల గతం రాశాను. తల్లి, తండ్రి, గురువు, చిన్నప్పటి గాయం, అన్నీ. టెస్టింగ్ రోజు పిల్లలు కట్‌సీన్లన్నీ స్కిప్ చేసి రెండు గంటలు ఆడారు. చివర్లో "ఈయన ఎవరు?" అని అడిగితే, "కత్తి ఉన్నాయన" అన్నారు. వాళ్ల తప్పేం లేదు. రెండు గంటలూ నేను వాళ్ల చేతికి ఇచ్చింది కత్తి ఒక్కటే.

నవల్లో పాత్ర అంటే అతను అనుకున్నది, అన్నది, చేసినది. గేమ్‌లో ప్లేయర్ వేలు ఏం చేస్తుందో అదే పాత్ర. కాబట్టి డైలాగులు పక్కన పెట్టి, ఈ మనిషి ఆలోచన ఎలా నడిచేదో ముందు పట్టుకో.

వయసు సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆయన క్రీ.పూ. 287 ప్రాంతంలో పుట్టాడంటారు. క్రీ.పూ. 212లో రోమన్లు సిరక్యూస్‌ని పట్టుకున్నప్పుడు చనిపోయాడు. అంటే ముట్టడి నాటికి డెబ్బై దాటిన ముసలాయన. పరిగెత్తలేడు, గోడలు ఎక్కలేడు. ఇది నీకు అడ్డంకి అనుకోకు, వరం అనుకో. కాళ్లు ఆడనివాడికి నువ్వు వేరే బలం వెతకక తప్పదు.

అద్దం తీసెయ్. సిరక్యూస్ పడిపోయాక పుట్టినా, ఆ తరం మనుషులు బతికి ఉండగానే పెరిగిన గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ ఈ ముట్టడి గురించి వివరంగా రాశాడు. లివీ రాశాడు, ప్లూటార్క్ రాశాడు. ముగ్గురిలో ఎవరూ అద్దాల మాట ఎత్తలేదు. ఓడలు కాల్చాడన్న మాట క్రీ.శ. 2వ శతాబ్దంలో గానీ మనకు వినపడదు. తొట్టి కథ కూడా అంతే. అది రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పాడు, సుమారు రెండు వందల ఏళ్ల తర్వాత. ఆర్కిమెడిస్ రాసుకున్న వాటిలో లేదు. 2016లో జపాన్‌లో వచ్చిన ఫేట్/ఎక్స్‌టెల్లాలో ఆర్కిమెడిస్ ఆడగలిగే పాత్రే, అద్దాలు అతని ఆయుధాల్లో ఒకటి. ఆ గేమ్ లోకం వేరు, అక్కడ అది సరిపోతుంది. నువ్వు మాత్రం మొదటి పేజీలోనే "నిజం మనిషిని చూపిస్తాను" అని రాశావు. ఆ మాట మీద నిలబడు.

నిజం మనిషి ఏం చేశాడో చూడు. వృత్తం చుట్టుకొలత కావాలి. వంపు గీతను నేరుగా కొలవలేం. ఆయన వృత్తం లోపల ఆరు భుజాల బొమ్మ గీశాడు, బయట ఇంకొకటి. లోపలిది వృత్తం కంటే తక్కువ, బయటిది ఎక్కువ. అసలు జవాబు రెండింటి మధ్య ఎక్కడో ఉంది. భుజాలు రెట్టింపు చేశాడు. 12 అయ్యాయి. 24, 48, 96. ప్రతిసారీ లోపలి గోడ ముందుకు జరుగుతుంది, బయటి గోడ వెనక్కి తగ్గుతుంది. 96 దగ్గర ఆగి, π (చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య) విలువ 3 10/71 కంటే ఎక్కువ, 3 1/7 కంటే తక్కువ అని తేల్చాడు. సున్నా లేదు, దశాంశాలు లేవు, అక్షరాలనే అంకెలుగా వాడే పద్ధతిలో ఈ లెక్కంతా చేశాడు. ఇదుగో జవాబు అని ఎక్కడా అనలేదు. జవాబు ఈ రెండు గోడల మధ్య ఇరుక్కుంది, ఇక తప్పించుకోలేదు అన్నాడు.

నీ బటన్ ఇదే, తమ్ముడూ. రెండు వైపుల నుంచి బిగించడం.

ఇప్పుడు ఇదే బటన్‌తో కోట గోడ మీదికి వెళ్లు. అరవై పెద్ద యుద్ధనౌకలతో రోమన్ సేనాని మార్సెల్లస్ సముద్రం వైపు నుంచి వస్తున్నాడు. వాటిలో ఎనిమిదింటిని జంటలుగా కట్టి, మీద పెద్ద నిచ్చెనలు పెట్టుకొచ్చాడు. పాలిబియస్ చెప్పేది చదివితే ఒక విషయం తెలుస్తుంది. దూరంగా ఉన్నప్పుడు పెద్ద యంత్రాల రాళ్లు పడ్డాయి. అవి తలల మీదుగా పోయేంత దగ్గరికి వస్తే చిన్న యంత్రాలు అందుకున్నాయి. చీకట్లో గోడ కిందికి చేరితే, గోడలో ముందే తొలిచి ఉంచిన రంధ్రాల్లోంచి బాణాలు వచ్చాయి. ఇంకా దగ్గరికి వస్తే ఇనుప కొక్కెం ఓడ ముక్కును పట్టి పైకి లేపి వదిలేసింది. అంటే యుద్ధానికి ముందే ఆయన దూరాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కకు ఏ యంత్రమో లెక్క కట్టి పెట్టాడు. ఇది 96 భుజాల బొమ్మ గీసిన బుర్రే.

కాబట్టి నీ ప్లేయర్‌కి గురిపెట్టే గుర్తు ఇవ్వకు. ఒక రాయి ఓడను దాటి పడాలి. ఇంకొకటి ఓడకు ముందు పడాలి. ఆ రెండు చోట్ల మధ్య దూరాన్ని సగం చేయాలి, మళ్లీ సగం. ఇలా సగాలు చేశాడని ఏ చరిత్రకారుడూ రాయలేదు, అది నా ఊహ. కానీ ఆయన పుస్తకాల్లోంచి పుట్టిన ఊహ. పొద్దున ఇసుకలో వృత్తం గీసిన వేలే సాయంత్రం గోడ మీద అదే పని చేస్తే, నువ్వు ఒక్క ముక్క చెప్పకుండానే ప్లేయర్‌కి ఒళ్లు జలదరిస్తుంది.

నీ ఫైలులో లేని లెవెల్ ఒకటి చెప్తాను. తీసుకోవాలనిపిస్తే తీసుకో. గెలాన్ రాజుకు ఆర్కిమెడిస్ రాసిన చిన్న పుస్తకం ఒకటుంది. మనం "ఇసుక వేస్తే రాలనంత జనం" అంటాం కదా, ఆయన ఆ ఇసుకనే లెక్కపెట్టాడు. విశ్వం మొత్తాన్ని ఇసుకతో నింపితే ఎన్ని రేణువులు పడతాయి? గసగసాల గింజ దగ్గర మొదలుపెట్టాడు. ఒక్క గింజంత చోటులో పది వేల రేణువులకు మించి పట్టవు అనుకుని, గింజ నుంచి వేలి వెడల్పుకు, అక్కడి నుంచి భూమికి, నక్షత్రాలకు వెళ్లాడు. విశ్వం ఎంత పెద్దదో తీసుకోవాలి కాబట్టి, సూర్యుడు కదలడు, భూమే తిరుగుతుంది అన్న గ్రీకు ఖగోళవేత్త అరిస్టార్కస్ ఊహను తీసుకున్నాడు, ఎందుకంటే అందులో విశ్వం అన్నిటికంటే పెద్దది. అంత పెద్ద సంఖ్యలకు గ్రీకులో పేర్లే లేకపోతే కొత్త పేర్లు కట్టాడు. చివరికి తేలింది 1 పక్కన 63 సున్నాలకు మించదని. ప్లేయర్ అరచేతిలో గసగసాల గింజతో మొదలై, కెమెరా వెనక్కి జరుగుతూ జరుగుతూ నక్షత్రాల దాకా వెళ్లే లెవెల్ అది. శత్రువు లేడు, టైమర్ లేదు. నేను కుర్రదాన్నైతే ఈ ఒక్క లెవెల్ కోసం ఉద్యోగం మానేసి కూర్చునేదాన్ని.

ఇక మాటలు. నీ ఆర్కిమెడిస్ గ్రాంథికంలో మాట్లాడుతున్నాడు. పాతకాలం మనిషి కాబట్టి అలా పెట్టావని అర్థమైంది. కానీ ఆయన తన ఊరి గ్రీకులో, డోరిక్ మాండలికంలో రాశాడు. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా పండితులకు పంపే పుస్తకాలు కూడా అందులోనే. తర్వాత రాసినవాళ్లు కొన్నిటిని మామూలు గ్రీకులోకి మార్చేశారు. కాబట్టి తెలుగులో ఆయనకు నీ ఊరి మాట ఇవ్వు. మీ తాతయ్య లెక్క చెప్పినప్పుడు ఎలా మాట్లాడేవాడో అలా. తక్కువ మాటలు, తడబాటు లేని మాటలు.

ఆయన గుణం ఎలా ఉంటుందో నువ్వు ఊహించి రాశావు. ఊహించక్కర్లేదు, ఆయన రాసిన ముందుమాటలు ఉన్నాయి. కోనన్ అని ఆయనకు ఒక స్నేహితుడు, గణితం తెలిసినవాడు. కోనన్ పోయాక, ఆయన పరిచయస్థుడైన డోసిథియస్‌కి తన పుస్తకాలు పంపుతూ, స్నేహితుడు పోయినందుకూ, అంత గొప్ప గణితవేత్త పోయినందుకూ దుఃఖపడ్డానని రాశాడు. మరో ముందుమాటలో, కోనన్ పోయి ఎన్నో ఏళ్లయినా తను పంపిన సమస్యల్లో ఒక్కదాన్నీ ఎవరూ కదిలించలేదని రాశాడు. అదే చోట ఇంకో సంగతి ఉంది. తను పంపిన సిద్ధాంతాల్లో రెండు కావాలనే తప్పువి పెట్టాడట. అన్నీ మేమే కనిపెట్టాం అంటూ రుజువు మాత్రం చూపించనివాళ్లు, సాధ్యం కాని వాటిని కూడా కనిపెట్టామని ఒప్పుకుని దొరికిపోవాలని.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. తన పని అర్థం చేసుకోగల ఒక్క మనిషి పోయాడు. మిగిలినవాళ్ల కోసం వల వేసి కూర్చున్నాడు. ఇంత ఒంటరితనం, ఇంత కోపం ఉన్న మనిషిని నువ్వు "విజ్ఞానమే వెలుగు" అని ఉపన్యాసం ఇచ్చేవాడిగా రాశావు. ఆ ఎనిమిది లైన్లూ కొట్టేశాను, పెన్సిల్ గీత చూస్తావు. దాని బదులు, ప్లేయర్ అలెగ్జాండ్రియాకి పుస్తకాల చుట్టలు పంపే సన్నివేశం పెట్టు. ఏ రెండు తప్పువి కలపాలో ప్లేయరే ఎంచుకోవాలి. కోనన్ పేరు మీద ఒక చుట్ట మిగిలిపోవాలి. దాన్ని ఎవరికి పంపాలో బటన్ ఉండకూడదు.

కోట ఎలా పడిందో నువ్వు ఒక్క లైనులో దాటేశావు. నాకు అన్నిటికంటే కడుపులో తిప్పేది అక్కడే. ఆర్కిమెడిస్ యంత్రాలను దాటలేక రోమన్లు ముట్టడి పొడిగించారు. ఒకసారి సంప్రదింపుల కోసం గోడకు దగ్గరగా వచ్చినప్పుడు వాళ్లలో ఒకడు ఒక బురుజు రాళ్ల వరుసలు లెక్కపెట్టాడు. రాళ్లన్నీ ఒక కొలతవి కాబట్టి గోడ ఎత్తు తేలిపోయింది. ఆ ఎత్తుకు నిచ్చెనలు చేయించారు. ఆర్టెమిస్ పండగ రాత్రి, ఊరు తాగి నిద్రపోతున్నప్పుడు ఎక్కారు. అంటే ఆర్కిమెడిస్ గోడను ఓడించింది ఒక కొలత. తనలాగే లెక్కపెట్టిన ఇంకొకడు.

ఇది కట్‌సీన్‌లో చూపించకు. ప్లేయర్‌ని గోడ మీద నిలబెట్టు. కింద సంప్రదింపులు సాగుతున్నాయి, అంతా మామూలే. దూరంగా ఒక రోమన్ తల కొద్దికొద్దిగా పైకెత్తుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. అప్పటిదాకా నీ గేమ్ ఆడిన ప్లేయర్‌కి ఆ కదలిక ఏమిటో తెలుస్తుంది. ఆ పని తను వంద సార్లు చేశాడు కదా.

చావు గురించి నువ్వు రెండు ముగింపులు రాసి, ఒకదాంట్లో ఆయన్ని బతికించావు. బతికించొద్దు. ప్లూటార్క్ దగ్గరే ఆ చావుకి మూడు కథలున్నాయి, ఏది నిజమో తేల్చుకోలేం. లివీ చెప్పినట్టు, నేల మీద దుమ్ములో బొమ్మలు గీసుకుంటుండగా ఆయనెవరో తెలియని ఒక సైనికుడు చంపేశాడన్నది తీసుకో, అది చాలు. ఆ క్షణంలో కంట్రోల్ ప్లేయర్ చేతిలోంచి లాక్కోకు. గీసే బటన్ పనిచేస్తూనే ఉండాలి. కొంతమంది పరిగెత్తబోతారు, కానీ ఆయన కాళ్లు పరిగెత్తవని ఈపాటికి వాళ్లకు తెలుసు. చాలామంది, నా లెక్క ప్రకారం, గీస్తూనే ఉంటారు. భుజాలు 96 నుంచి 192 చేయబోతూ ఉంటారు.

ఆ తర్వాత చిన్న దృశ్యం కావాలంటే ఉంది. క్రీ.పూ. 75లో రోమన్ వక్త సిసిరో సిసిలీలో అధికారిగా ఉన్నప్పుడు ఆయన సమాధి వెతికాడు. సిరక్యూస్ వాళ్లకే అది ఎక్కడుందో తెలియదు. ముళ్లపొదల్లోంచి ఒక చిన్న స్తంభం, దాని మీద గోళం, స్థూపం (సిలిండర్) కనిపించాయి. గోళం ఘనపరిమాణం దాన్ని సరిగ్గా ఇముడ్చుకునే స్థూపంలో మూడింట రెండు వంతులు అన్నది ఆర్కిమెడిస్ తేల్చిన సంగతి. సిసిరో కొడవళ్లిచ్చి మనుషుల్ని పంపి పొదలు కొట్టించాడు. ప్లేయర్‌కి కొడవలి ఇవ్వు. సంగీతం వద్దు.

ఇంత చెప్పానని టెన్షన్ పడకు. మొత్తం ఒకేసారి రాయక్కర్లేదు. వచ్చే నెలాఖరుకు పది నిమిషాల ప్రోటోటైప్ ఒకటి చేసి పంపు. గ్రాఫిక్స్ వద్దు, గీతలు, చుక్కలు చాలు. ఒక వృత్తం, ఒక ఓడ, ఒకటే బటన్. డైలాగు ఒక్కటి కూడా పెట్టకు, పేరు కూడా ఎక్కడా రాయకు. మా పక్కింటి పాప తొమ్మిదో తరగతి, గేమ్‌లు బాగా ఆడుతుంది. తన చేతికిచ్చి పక్కన కూర్చుంటాను. అయిపోయాక "ఈయన ఎవరు?" అని అడుగుతాను. ఏం చెప్పిందో మాట మార్చకుండా నీకు రాస్తాను.

ఆశీస్సులతో,
అక్క